కారులో బెల్లం వాసన

దర్శిలో కారుకు హీటరుండటమంటే చేపకు గొడుగుండటం లాంటిది. అయినా ఉంటుంది. కారు తయారుచేసేవాడికి దర్శి తెలియదు కదా. మా కారు డాష్‌బోర్డు మీద ఒక గుండ్రటి నాబ్ ఉండేది. ఒక పక్క నీలం గీత, ఇంకో పక్క ఎర్ర గీత. నీలం వైపు తిప్పితే చల్లగాలి, ఎర్ర వైపు తిప్పితే వేడిగాలి. కారు కొన్న వారానికే నాన్న ఆ నాబ్‌ను నీలం వైపు పెట్టి, కదలకుండా దాని మీద దెబ్బలకేసే తెల్ల ప్లాస్టరు అంటించాడు. మే నెలలో ఎర్ర వైపు తిప్పేవాణ్ణి పోలీసులకు అప్పగించాలని ఆయన అభిప్రాయం.

ఏనాడూ వాడని ఆ హీటరే మా ఇంట్లో ఒక మనిషి మాటను అబద్ధం చేసి కూర్చోబెట్టింది. న్యాయంగా చెప్పాలంటే హీటరు ఒక్కటే కాదు. నాన్నా, నేనూ దానికి బాగా సాయం చేశాం.

మాది మిరపకాయల ఇల్లు. నాన్న చుట్టుపక్కల ఊళ్లలో రైతుల దగ్గర కాయలు కొని గుంటూరు యార్డుకు తోలతాడు. నేను డిగ్రీ చదివి, ఆ చదువును ఎక్కడ పెట్టాలో తెలియక, నాన్న పక్కన నిలబడి సంచుల్లో చెయ్యి పెట్టే పనిలో స్థిరపడ్డాను. శాంపిలు కాయలు ఎప్పుడూ కారు డిక్కీలోనే ఉంటాయి. గింజలు సీట్ల కిందికి కూడా చేరతాయి. మా కారు కొత్తగా ఎక్కినవాళ్లకు మొదటి మలుపులో తుమ్ములు, రెండో మలుపులో కన్నీళ్లు. దూరపు చుట్టం ఒకాయన ఒంగోలు దాకా మాతో వచ్చి, దిగి కళ్లు తుడుచుకుంటుంటే, టీకొట్టు దగ్గర ఎవరో పాపం దగ్గరికొచ్చి, "ఎవరు పోయారండీ?" అని అడిగారు.

మాకు మాత్రం ఏమీ అనిపించదు. నాన్న ముక్కు, నా ముక్కు గాలి పీల్చుకోవడానికీ, కళ్లజోడు ఆనించుకోవడానికీ తప్ప పనికిరావు.

ఇంటి మొత్తానికి ముక్కు అమ్మ ఒక్కతే. ఆవిడ అమరావతి దగ్గర కృష్ణ ఒడ్డు ఊరి పిల్ల. మిరపకాయల ఇంటికి కోడలిగా వచ్చి పాతికేళ్లు దాటినా ఆ ముక్కు మొద్దుబారలేదు. పాలు విరగడానికి గంట ముందే చెప్పేది. వాన చినుకు పడకముందే పెరట్లో బట్టలు తీసేది. నేను కాలేజీ రోజుల్లో ఒకే ఒక్క సిగరెట్టు తాగాను. ఇంటికొచ్చే ముందు సోంపు, జామాకు, పుదీనా, కొత్తిమీర, దొరికిందల్లా నమిలాను. గుమ్మంలోనే ఆపింది. "సిగరెట్టులోకి ఇన్ని ఆకుకూరలెందుకురా?" అంది.

మా వీధిలో ఆవకాయ పెట్టే రోజుల్లో ఒక పద్ధతుండేది. ఎవరింట్లో జాడీ కలపబోతున్నా, ముందు నూనె సీసా, ఆవపిండి పొట్లం పట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్లు. అమ్మ మూత తీసి ఒకసారి వాసన చూసి, "కలుపుకో" అనేది. లేదా మూత పెట్టేసి, "కొట్టువాడికి తిరిగిచ్చెయ్" అనేది. ఎందుకని ఎవరూ అడిగేవాళ్లు కాదు. వీధి మొత్తం ఏడాది తినే పచ్చడి మా అమ్మ ముక్కు చివర మీద నిలబడేది. కారణం చెప్పకుండా తీర్పు చెప్పే హక్కు మా దర్శిలో ఇంకెవరికీ లేదు.

ఆ అమ్మకు రొమ్ములో గడ్డ అని తేలింది. ఇలాంటి చోట సినిమాల్లో డాక్టరు కళ్లజోడు తీసి నిట్టూరుస్తాడు. మా డాక్టరమ్మ తీయలేదు. కళ్లజోడు లేకపోతే ఆవిడకు రిపోర్టు కనపడదనుకుంటాను. మామూలుగానే చెప్పింది. మూడు వారాలకోసారి రావాలి, సెలైన్లో మందు ఎక్కిస్తాం, ఆ తర్వాత చూద్దాం అంది. ఆసుపత్రి గుంటూరు బ్రాడీపేటలో. దర్శి నుంచి అద్దంకి, చిలకలూరిపేట మీదుగా వెళ్లాలి. వెనక కూర్చుంటే తిప్పుతుందని అమ్మ ముందు సీట్లో కూర్చునేది. ఒకసారి నాన్న నడిపితే నేను వెనక, ఒకసారి నేను నడిపితే నాన్న వెనక. అమ్మ చోటు మాత్రం మారలేదు.

మిరపకోతలు మొదలైన రోజులు. రెండోసారి వెళ్తున్నాం. అద్దంకి దాటాక అమ్మ తల పక్కకు తిప్పి, "బెల్లం పాకం వాసన వస్తోందేంట్రా?" అంది.

నేనే నడుపుతున్నాను. "డాష్‌బోర్డులో అరిసెలు వండుతున్నారమ్మా. గుంటూరు వెళ్లేసరికి నూనెలోంచి తీస్తారు" అన్నాను.

"పోరా. నిజంగా వస్తోంది. బెల్లంలాగే గానీ మంచి బెల్లం కాదు. ఏదో మందు కలిసినట్టు."

నాన్న వెనకనుంచి ముందుకు వంగి, సంచిలో తల పెట్టినట్టు డాష్‌బోర్డు మీద తల పెట్టి గట్టిగా పీల్చాడు. "ఏం లేదే. నీకేదో అనిపిస్తోంది" అన్నాడు. మిరపకాయల ఘాటునే పసిగట్టలేని ముక్కు అది. దాని సాక్ష్యాన్ని మేం ముగ్గురం నమ్మాం.

ఆసుపత్రిలో సెలైన్ పెట్టే నర్సును అమ్మే అడిగింది. "కొందరికి ఈ మందు పడ్డాక వాసనలూ రుచులూ మారతాయమ్మా, భయపడకండి" అని ఆ అమ్మాయి చెప్పింది. చెప్పింది నిజమే. చాలామందికి అలాగే అవుతుందట. మా కారు సంగతి ఆ అమ్మాయికేం తెలుసు? తెలియాల్సినవాళ్లం మేము. కానీ ఆ మాట వినగానే నాకు, నాన్నకు ప్రాణం లేచొచ్చింది. ఒక ప్రశ్నకు జవాబు దొరికేసింది. ఆ తర్వాత అమ్మకు వచ్చే ప్రతి వాసనకూ, ప్రతి బాధకూ అదే జవాబు. తాళంచెవి ఒకటే, తలుపులన్నీ దాంతోనే తీశాం.

మూడోసారి వెళ్లేటప్పుడు అమ్మ కాళ్ల కింద చాప తడిసింది.

"ఏసీ నీళ్లే. పైపు మూసుకుపోయుంటుంది" అన్నాడు నాన్న. రెండు దినపత్రికలు మడిచి కాళ్ల కింద వేశాడు.

"ఏసీ నీళ్లు జిగురుగా ఉంటాయాండీ? చెప్పు అంటుకుపోతోంది" అంది అమ్మ.

"నీ పాదం తగిలితే నీళ్లు కూడా పాకం పడుతున్నాయమ్మా" అన్నాను నేను. ఆవిడ నవ్వింది. ఆ నవ్వు కోసమే అనేవాణ్ణి. ఇంట్లో ఏ పెద్ద విషయం లేచినా నేను దాని గాలి తీసేసేవాణ్ణి. అది నా పని అనుకునేవాణ్ణి. అమ్మ బాధపడుతూ ఒక మాట మొదలుపెడితే, నేను నవ్విస్తే, ఆ మాట అక్కడితో ఆగిపోయేది. ఆగిపోవడం, తీరిపోవడం ఒకటి కాదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ముందు అద్దానికి లోపలివైపు జిడ్డుగా ఆవిరి పట్టేది. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే లోపల పొగమంచు. అమ్మ పమిట కొంగుతో తుడిచేది. తుడిచిన చోట గీతలు గీతలుగా ఉండిపోయేది. ఇంజనును చల్లబరిచే కూలెంటు డబ్బాలో వారం వారం తగ్గిపోయేది. నాన్న అందులో కొట్లో కొన్న ఆకుపచ్చ మందు సగం, మా బోరు నీళ్లు సగం కలిపి పోసేవాడు. మా వైపు బోరు నీళ్ల గొప్పతనం మా ఊరివాళ్ల పళ్లు చూస్తే తెలుస్తుంది. పళ్లనే గార పట్టించే నీళ్లకు కారు ఒక లెక్కా? "నాన్నా, దీనికి కూడా సెలైన్ ఎక్కిస్తున్నావా?" అని అడిగాను. అప్పుడూ అమ్మ నవ్వింది.

వాసన భరించలేక అమ్మ పక్క అద్దం దించేది. వేసవి. ఒక్కసారిగా వడగాలి లోపలికి కొట్టేది.

"అద్దం వెయ్యవే, ఏసీ అంతా పోతోంది. ఎండ తగిలితే నీకే మంచిది కాదు" అని అరిచేవాడు నాన్న. కోపంతో కాదు. ఆయన మామూలు గొంతే అది. పక్క చేలోవాళ్లకు కూడా వినపడాలని పుట్టిన గొంతు.

అమ్మ అద్దం వేసేది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కూర్చునేది. చిలకలూరిపేట దాటేలోపు ఒకసారైనా కారు ఆపాల్సొచ్చేది, వాంతి కోసం. మందు ఇంకా ఎక్కించకముందే మందు వికారమేమిటని నేను ఒక్కసారి కూడా ఆలోచించలేదు. డిగ్రీలో నాకు మంచి మార్కులే వచ్చాయి.

ఒకరోజు పొద్దున నేను కాఫీ తాగి ఉమ్మేశాను. పాలు పులిసిపోయున్నాయి.

"అమ్మా, నువ్వు చూడలేదా?"

"నాకు పులిసిన వాసనే వచ్చిందిరా" అంది. "పాలకొచ్చిందో, నా ముక్కుకొచ్చిందో తెలియలేదు. మళ్లీ మీరు నవ్వుతారని ఊరుకున్నా."

ఆ మాట దగ్గరైనా నేను ఆగి ఉండాల్సింది. కానీ కాఫీ గిన్నె కడుగుతూ ఇంకో జోకేశాను. అదేమిటో ఇప్పుడు గుర్తులేదు. గుర్తులేనందుకు సంతోషం.

మామిడికాయలు వచ్చాయి. మూడిళ్ల అవతల ఉండే పిన్ని ఎప్పటిలాగే నూనె సీసా, ఆవపిండి పట్టుకుని వచ్చింది. వరసకు పిన్ని, వరస ఏమిటో ఎవరికీ తెలియదు. అమ్మ సీసా అందుకోలేదు.

"నా ముక్కు పనిచేయట్లేదే. ఇంకెవరికైనా చూపించుకో" అంది.

"అదేంటక్కా, ఊరికే ఒకసారి చూసి చెప్పు."

"లేదే. తప్పు చెబితే ఏడాదంతా మీరు తినాలి."

పిన్ని సీసా పట్టుకుని వెనక్కు వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇంకెవరూ రాలేదు. మా ఇంటి ఆవకాయ కూడా ఆ ఏడాది మా మేనత్త వచ్చి కలిపింది. అమ్మ వరండాలో కుర్చీ వేసుకుని వీధి చూస్తూ కూర్చుంది. వంటింట్లోంచి ఆవపిండి కొట్టిన ఘాటు వస్తుంటే అటు తల తిప్పలేదు. "రిటైరైన జడ్జిలా ఉన్నావమ్మా" అన్నాను. ఈసారి నవ్వలేదు.

అయిదోసారి వెళ్తున్నాం. పొద్దున పదకొండు దాటింది. నాన్న నడుపుతున్నాడు. అద్దంకి ఇంకా కొద్ది దూరం ఉందనగా, ఇంజను వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీదికి ఎక్కింది. చల్లగాలి రావాల్సిన కంతల్లోంచి తెల్లటి ఆవిరి వచ్చింది. క్షణంలో ముందు అద్దమంతా పాలు పోసినట్టయిపోయింది. నాన్న తల కిటికీలోంచి బయటపెట్టి, దారి చూసుకుంటూ, ఎవరినో తిడుతూ కారును పక్కకు తెచ్చి ఆపాడు. అదృష్టం కొద్దీ అక్కడే రేకుల షెడ్డు. ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్కు. అరవై ఏళ్లుంటాయి, చేతులు మోచేతుల దాకా నల్లగా, చెవిలో బీడీ.

"మూత ముట్టుకోకండి, మొహం కాలుద్ది" అంటూ గోనెపట్టా తీసుకుని వచ్చాడు. ముందు అమ్మను దింపి షెడ్డు నీడలో బల్ల మీద కూర్చోబెట్టాం. ఆయన ఇంజను వైపు వెళ్లబోతూ, తెరిచి ఉన్న ముందు తలుపు దగ్గర ఆగాడు. లోపలికి తల పెట్టాడు. తల బయటికి తీసి మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఎన్నాళ్ల నుంచి తిరుగుతున్నారయ్యా ఈ బెల్లం వాసనతో?"

బల్ల మీదనుంచి అమ్మ లేచింది.

"ఏమన్నావు నాయనా? మళ్లీ చెప్పు."

"బెల్లం వాసనమ్మా. గుప్పుమంటోందిగా. మీకెవరికీ రాలేదా?"

"నీకు నిజంగా వస్తోందా?"

"ముక్కున్నోడికి ఎవడికైనా వస్తుందమ్మా." ఆయన వంగి దినపత్రికలు తీసి పారేసి, చాప మీద వేలు రాసి, వేళ్ల మధ్య రుద్ది చూపించాడు. తీగలా సాగింది. "ఇదిగో. ఇది ఏసీ నీళ్లు కాదు, కూలెంటు. ఆ తియ్యటి వాసన దీనిదే. డాష్‌బోర్డు లోపల హీటరుకు చిన్న రేడియేటరుంటుంది. మీరు హీటరు వేసినా వేయకపోయినా ఇంజను వేడినీళ్లు అందులో తిరుగుతానే ఉంటాయి. అది తుప్పు పట్టి చిల్లు పడింది. ఏం నీళ్లు పోశారు?"

"బోరు నీళ్లు" అన్నాడు నాన్న. ఆ రోజు ఆయన గొంతు పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు.

"మంచి పని చేశారు. ఈ ఆవిరి మంచిది కాదయ్యా. తలనొప్పి, వికారం పుడతాయి. చిల్లు పడింది ఈ సీటు ముందే. ఇక్కడ కూర్చుంది ఎవరు?"

అమ్మే చెయ్యెత్తింది. బళ్లో పేరు పిలిస్తే ఎత్తినట్టు.

అప్పుడు ఆవిడ మొహం చూడాల్సింది. జుట్టు రాలిపోయి, చెంపలు లోపలికి పోయి ఉన్న మొహం. దాని మీద పాత జడ్జి మళ్లీ వచ్చి కూర్చుంది. నాన్నను చూసింది. నన్ను చూసింది. నేను నోరు తెరిచాను. ఇలాంటప్పుడు ఏదో ఒకటి వస్తుంది నాకు. ఏమీ రాలేదు. మూసుకున్నాను.

"విన్నారా?" అంది. అంతే అంది.

మెకానిక్కు రెండు దారులు చెప్పాడు. "కొత్తది వెయ్యాలంటే డాష్‌బోర్డు మొత్తం ఊడదీయాలి. సామాను తెప్పించాలి, ఒక రోజంతా పని. లేదంటే హీటరుకు పోయే పైపు, వచ్చే పైపు రెండూ ఇక్కడే కలిపి బిగించేస్తా. నీళ్లు లోపలికి పోవు, కారవు. హీటరు మాత్రం ఇక ఉండదు."

"కలిపెయ్ బాబాయ్" అన్నాను నేనే. "మనకు హీటరెందుకు, పైన సూర్యుడున్నాడుగా. ఆయన ఇంతవరకూ రిపేరుకు రాలేదు." మెకానిక్కు నవ్వాడు. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

గంటలో పని అయిపోయింది. జిగురు చాప తీసి డిక్కీలో పడేశాం. అమ్మ అదే సీట్లో కూర్చుని, అద్దం కిందికి దించి, గుంటూరు దాకా అలాగే ఉంచింది. నిప్పుల గాలి. నాన్న ఒక్క మాటనలేదు.

ఆసుపత్రిలో ముందు ఆ నర్సును వెతికి పట్టుకుంది. "నా ముక్కు బాగానే ఉందమ్మా, రోగం కారుకు" అని చెప్పింది. ఆ అమ్మాయికి అర్థం కాకపోయినా నవ్వింది. తర్వాత డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ప్రతిసారీ అడిగేదే అడిగింది. "ఇంకేమైనా ఇబ్బందులున్నాయా అమ్మా?" ప్రతిసారీ అమ్మ, "ఏం లేవండీ" అనేది.

ఆ రోజు అలా అనలేదు.

"నడుం దగ్గర నొప్పి వస్తోందండీ. ఎముకలోంచి పొడిచినట్టు. రెండు నెలలైంది."

డాక్టరమ్మ రాయడం ఆపింది. "రెండు నెలలా? మరి చెప్పలేదేమమ్మా?"

"మందు వల్ల అనుకున్నానండీ. అన్నీ మందు వల్లే అన్నారుగా. లేని వాసనలు వచ్చినట్టే లేని నొప్పి కూడా వస్తోందేమో అనుకున్నా." మా వైపు చూడకుండా చెప్పింది. "వాసన నిజమే అయితే, మరి నడుం కూడా నిజమే కదండీ?"

ఆ గదిలో పంకా ఒకటి టకటకా కొట్టుకుంటూ తిరిగేది. ప్రతిసారీ దాని మీద నేనొక జోకు వేసేవాణ్ణి.

నిజమే. స్కాన్‌లో తెలిసింది, నడుం ఎముకల్లోకి పాకింది. అమ్మను బయట కూర్చోబెట్టి నేను లోపలికి వెళ్లి అడిగాను, రెండు నెలల ముందు చెప్పుంటే ఏమయ్యేదని. "చెప్పలేం బాబూ" అంది డాక్టరమ్మ. "బహుశా పెద్ద తేడా ఉండేది కాదేమో. నొప్పికి మాత్రం అప్పుడే మందిచ్చి ఉండేవాళ్లం." నన్ను ఓదార్చడానికే మొదటి మాట చెప్పింది. నాకు రెండోదే మిగిలింది. రెండు నెలలు. దర్శి నుంచి గుంటూరుకు ఆ గుంతల్లో, ఆ నడుంతో, అద్దం మూసుకుని, నా జోకులు వింటూ.

ఆ తర్వాత ఇంట్లో రోజులు విచిత్రంగా గడిచాయి. అమ్మకు ఒంట్లో బలం తగ్గుతూ వచ్చింది, మాటకు బలం పెరుగుతూ వచ్చింది. మంచం మీదనుంచే మేనత్త కలిపిన ఆవకాయ జాడీ తెప్పించి, మూత తీసి, "మెంతులు మాడ్చింది. ఆవిడకు చెప్పకండి" అని తీర్పు చెప్పింది. వీధిలో కబురు పాకింది. పిన్ని మళ్లీ సీసా పట్టుకుని వచ్చింది. ఆవకాయ రోజులు దాటిపోయాయి కాబట్టి ఊరికే దీపాల నూనె తెచ్చింది. అమ్మకు ఆ సంగతి తెలుసు. అయినా వాసన చూసి, "మంచిదే, కలుపుకో" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. అమ్మ ఏ మాటన్నా నాన్న పరిగెత్తేవాడు. వాసన వస్తోందంటే కిటికీ, నొప్పి అంటే మాత్ర. ఒక మధ్యాహ్నం "వాన వస్తుందేమో" అంటే, మబ్బు తునకైనా లేని ఆకాశం కింద, కళ్లంలో ఆరబోసిన కాయల మీద పట్టాలు కప్పించాడు. వాన రాలేదు. కూలీలు నవ్వారు. నాన్న పట్టించుకోలేదు.

ఆసుపత్రి నుంచి ఆఖరిసారి ఇంటికి తెచ్చుకునేటప్పుడు దసరా వెళ్లిన వారం. పత్తిచేలు తెల్లగా విచ్చుకుని ఉన్నాయి. మబ్బు పట్టి ఉక్కపోత. ముందు సీటు వెనక్కు వాల్చి, దుప్పటి వేసి పడుకోబెట్టాం. చిలకలూరిపేట దాటాక, "చలేస్తోందిరా" అంది.

ఆ ఉక్కలో చలి. వెనకటి నేనైతే కాశ్మీరు దాకా వెళ్లి వచ్చేవాణ్ణి ఆ మాట మీద. కారు పక్కకు ఆపాను. ఏసీ ఆపాను. వెనకనుంచి నాన్న తన కండువా తీసి ఆవిడ మెడకు చుట్టాడు. అయినా పళ్లు టకటకమంటున్నాయి.

"ఆ ఎర్రదాని వైపు తిప్పితే వెచ్చటి గాలి వస్తుంది కదరా" అంది అమ్మ.

నాన్న ముందుకు వంగి గోటితో ప్లాస్టరు పీకాడు. ఏళ్ల తరబడి ఎండలో మాడి రాయైపోయిన ప్లాస్టరు. ముక్కలు ముక్కలుగా ఊడొచ్చింది. నాబ్ ఎర్ర వైపుకు చివరిదాకా తిప్పాడు. కంతల్లోంచి గాలి వచ్చింది. మామూలు గాలి.

"వేడెక్కడానికి టైం పడుతుందేమో" అన్నాడు.

"పైపులు కలిపేశాం నాన్నా" అన్నాను. "నేనే కలిపెయ్యమన్నాను."

మా వంశంలో ఒక మనిషికి హీటరు కావాల్సొచ్చిన రోజు అదొక్కటే. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా, నాలుగు అద్దాలూ పైకి ఎక్కించాం. గాలి కూడా ఆపేశాం. మూసిన కారులో, ఆ ఉక్కలో, నెమ్మదిగా నడుపుకుంటూ వచ్చాం. నాకు చెమట కళ్లలోకి కారింది. నాన్న చొక్కా విప్పేశాడు. అద్దంకి వచ్చేసరికి కారు లోపల కుండలో ఉడికినట్టుంది. అమ్మ వణుకు ఆగింది.

"ఇప్పుడు బావుంది" అంది. కాసేపయ్యాక, "మీకు ఉక్కగా లేదూ?" అని అడిగింది.

"లేదు" అన్నాడు నాన్న, చెమటలు కక్కుతూ. "మాకూ చలిగానే ఉంది."

పది రోజులకు వెళ్లిపోయింది. పొద్దున్నే, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా.

మళ్లీ మిరపకోతలు వచ్చి వెళ్లాయి. ఎండలు ముదిరాక ఒకరోజు నాన్న, "కారు తియ్యి, అద్దంకి వెళ్దాం" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. ఆ రేకుల షెడ్డు దగ్గర ఆపించాడు.

"హీటరు వెయ్యాలి" అన్నాడు మెకానిక్కుతో.

ఆయన పైన ఎండను చూశాడు, నాన్నను చూశాడు. "ఇప్పుడా? పైపులు కలిపినవి బాగానే ఉన్నాయి కదయ్యా. మనకెందుకది?"

"ఉండనీ."

మెకానిక్కు నా వైపు తిరిగాడు, నువ్వైనా చెప్పు అన్నట్టు. "వెయ్యి బాబాయ్" అన్నాను. అమ్మ ఏదని ఆయన అడగలేదు. ఖాళీ సీటు చూసి బల్ల మీది సామాన్లు పక్కకు జరిపి, మమ్మల్ని కూర్చోమన్నాడు. సామాను వారం తర్వాత వచ్చింది. మళ్లీ వెళ్లాం. డాష్‌బోర్డు మొత్తం ఊడదీసి, ఆ చిన్న రేడియేటరు బయటికి తీసి నా చేతిలో పెట్టాడు. పలక అంత ఉంది. మూల తుప్పు పట్టి, గార కట్టి, సూది పట్టేంత చిల్లు. ఇంతదానికా, అనిపించింది.

సాయంత్రానికి అంతా బిగించాడు. కారు స్టార్టు చేయించి, "ఎర్ర వైపు తిప్పండి" అన్నాడు. నాన్న తిప్పాడు. ఖాళీగా ఉన్న ముందు సీటు మీదికి వేడిగాలి బుస్సుమని కొట్టింది. బయట ఎండ, లోపల కొలిమి. నాన్న చెయ్యి ఆ గాలికి అడ్డం పెట్టి చాలాసేపు ఉంచాడు.

"బాబాయ్, ఒకసారి లోపల వాసన చూడవా?" అన్నాను. "బెల్లం వాసన ఏమైనా వస్తోందేమో. మాకు తెలియదు. మాకు చెప్పే మనిషి లేదు."

ఆయన తల లోపలికి పెట్టి చూశాడు. "లేదురా అబ్బాయ్. పోయింది."

"సరిగ్గా చూడు" అన్నాడు నాన్న.

మెకానిక్కు చెవిలో బీడీ తీసి బల్ల మీద పెట్టాడు. ముందు సీట్లో కూర్చుని, తలుపు వేసుకుని, కళ్లు మూసుకుని, నెమ్మదిగా పీల్చాడు. బయటికి వచ్చేసరికి ఆయన కళ్లు నీళ్లు కారుతున్నాయి. ఒక తుమ్ము తుమ్మాడు.

"మిరపకాయల ఘాటయ్యా. అది తప్ప ఇంకేం లేదు" అన్నాడు.

అది ఇంకా ఉందన్న సంగతి కూడా మా ఇద్దరికీ ఆయన చెబితేనే తెలిసింది.